చేప రేకు, పిట్ట రేకు

నవంబర్ 5, ల్యూబెక్

పాతికేళ్లు గొడుగు పైకెత్తి పట్టుకుని ఈ చర్చి చూపించాను. లోపల బల్ల మీద కూర్చోవడం మాత్రం ఈరోజే. గైడు కూర్చోకూడదు. కూర్చుంటే గుంపు చెదిరిపోతుంది.

యుద్ధంలో గోపురం తగలబడినప్పుడు పైనుంచి పడి పగిలిన గంటలు ఇప్పటికీ పడ్డచోటే ఉన్నాయి. ఎవరూ ఎత్తలేదు. వాటి ముందు రెండు ముక్కలు మాట్లాడి, ఫొటోలు తీసుకోనిచ్చి, బాత్రూములు ఎటున్నాయో చెప్పి బస్సెక్కించేదాన్ని. ఈరోజు తీరిగ్గా చూశాను. గొప్ప ఆలోచనలేమీ రాలేదు. కాళ్లు చల్లబడ్డాయి, అంతే.

తర్వాత బాదం ముద్దతో చేసే మార్జిపాన్ కేకు తిందామని కొట్లోకి వెళ్లాను. ఈ కేకు గురించి ఎంత వర్ణించానో లెక్కలేదు. జనం తింటుంటే తలకాయలు లెక్కపెట్టుకోవడమే సరిపోయేది. ఇప్పుడు నా ముందు నిండు ముక్క. రెండు చెంచాలు తిన్నాను. మూడోది దిగలేదు. బాగాలేదా అమ్మా అని అడిగింది కొట్లో పిల్ల. చాలా బాగుంది, కట్టివ్వమన్నాను. బయటికొచ్చి చెత్తబుట్టలో పడేశాను.

డాక్టరు సెప్టెంబర్‌లోనే చెప్పాడు. క్లోమం. కీమో పెడితే ఇంకొన్ని వారాలు వస్తాయన్నాడు, వద్దన్నాను. క్రిస్మస్ ఉంటుందా అని అడిగాను. క్రిస్మస్‌కి ఢోకా లేదన్నాడు. ఈస్టర్ సంగతి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అక్కకు చెప్పలేదు. పండగ అయ్యేదాకా చెప్పను. నాకొక్క మామూలు క్రిస్మస్ కావాలి. దాని తిట్లతో, దాని చేతి ఎక్కువ ఉప్పుతో. దాని మొహం నన్ను చూసి ఏడుపుమొహం కాకముందే ఒక్కటి.

నవంబర్ 7, వైమార్

ప్లాట్‌ఫామ్ మీద సాసేజీలు కాలుస్తున్న వాసనకే వాంతి. ఏమీ చూడలేదు.

నవంబర్ 9, డ్రెస్‌డెన్

ఫ్రావెన్‌కిర్కె ముందు వాన. కూలిపోయిన చర్చిని మళ్లీ కట్టినప్పుడు పాత రాళ్లు దొరికినవి దొరికినట్టు వాడారు. కొత్త గోడల్లో అక్కడక్కడా నల్లగా కనబడతాయి. పాతవి ఏవో చెప్పండి చూద్దాం అని పర్యాటకులను అడిగేదాన్ని. అందరూ నల్లవి అనేవాళ్లు, అందరికీ చప్పట్లు కొట్టేదాన్ని. నా ఉద్యోగమంతా అదే.

మూడు పొరల గుడ్డు కేకు అడిగాను. పై పొర మాత్రం తిన్నాను. నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. ఇంత బాగుంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పేదాన్ని నేనే.

నొప్పి వెన్నులోకి పాకింది. పెద్ద ట్యాబ్లెట్ వేసుకున్నాను.

నవంబర్ 12, అన్నాబెర్గ్

ట్రౌడెల్ అక్క స్టేషన్‌కి వచ్చింది. నాకంటే ఏడేళ్లు పెద్దది, నాకంటే వేగంగా నడుస్తుంది. రైలు దిగగానే మొదటిమాట: ఏమే మార్లీస్, అలా ఎండిపోయావు, లైప్‌జిగ్‌లో తిండి దొరకడం మానేసిందా? రోజూ వాకింగ్ చేస్తున్నాను, సన్నబడదామని, అన్నాను. ఈ వయసులో సన్నబడి ఎవరిని పడేద్దామనీ అంది. స్టేషన్‌లో నలుగురూ తిరిగి చూశారు.

ప్రాణం లేచివచ్చింది.

నవంబర్ 15

వంటింట్లో ఎండుద్రాక్ష రమ్ములో నానుతోంది. రేపు స్టోలెన్ కాల్చే రోజు. వెన్న, బాదం, ఎండుద్రాక్ష దట్టించి కాల్చే ఈ క్రిస్మస్ రొట్టెకు ఊరి ఆడవాళ్లంతా ఒకప్పుడు ఇంటి సరుకులు మోసుకుని బేకరీకి వెళ్లేవాళ్లు. అక్కడే పిండి కలిపి, అక్కడి పొయ్యిలోనే కాల్పించేవాళ్లు. ఇప్పుడు ముసలి ఊలిగ్ ఒక్కడే ఒప్పుకుంటున్నాడు. వచ్చే ఏడు మూసేస్తాడట. మోకాళ్లు సహకరించడం లేదట.

ఏ రొట్టె ఎవరిదో తెలియడానికి పచ్చిపిండిలో రేకుబిళ్ల గుచ్చుతారు. మావి తాతయ్య రేకుల కార్ఖానాలో పనిచేసేటప్పుడు కత్తిరించినవి. అక్కది చేప, నాది పిట్ట. అక్క వాటిని బూడిదతో తోమి మెరిపించింది. చూస్తే కత్తిరించింది నిన్నే అనిపిస్తుంది.

రొట్టెలు ఇంటికి తెచ్చేటప్పుడు దారిలో విరిగితే ఆ రొట్టె ఎవరిదైతే వాళ్లు ఏడాది తిరక్కుండా పోతారని ఇక్కడి నమ్మకం. బేకరీ నుంచి కార్లో తేవడం కూడా అక్కకు ఇష్టం లేదు, కుదుపులకు విరుగుతాయని. బావ గుంటర్ చనిపోయే ముందు ఆయనది అలాగే విరిగిందట. బావ పోయింది యురేనియం గని దుమ్ము వల్ల. డాక్టర్లు చెప్పారు, గనివాళ్లు ఒప్పుకున్నారు. అక్క మాత్రం ఒప్పుకోలేదు.

నవంబర్ 16

విరిగింది.

పొడవాటి చెక్క మీద నాలుగు రొట్టెలు పెట్టి, గుడ్డ కప్పి, చెరో కొస పట్టుకుని వస్తున్నాం. మా ఇద్దరివి రెండు, పక్కింటి ఫ్రావ్ నాయ్‌బర్ట్‌కి ఒకటి, పాస్టర్‌గారికి ఒకటి. ఊలిగ్ వెనకనుంచి మెల్లగా అమ్మా మెల్లగా అని అరుస్తూనే ఉన్నాడు. అక్క వెనక్కి తిరగకుండానే, మీ నాన్న కాలం నుంచి మోస్తున్నా, నువ్వు నాకు చెప్పేదేంట్రా అంది.

మందుల షాపు మలుపు దగ్గర నొప్పి వచ్చింది. మామూలుది కాదు. చెక్క వదిలేస్తానేమో అనిపించింది. బూటులో రాయి దూరింది, ఒక్క క్షణం, అన్నాను. అక్క చెక్క రెండో కొసను గోడ అంచు మీద ఆనించి, తనొక్కతే పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్లొచ్చాయే, బూట్లు తొడుక్కోవడం రాదు, అని సణిగింది. నేను సందులోకి వెళ్లి మెట్టు మీద వంగి కూర్చున్నాను. పళ్లు బిగపట్టాను. అప్పుడే అక్క కేక వినబడింది.

తడి ఆకుల మీద జారింది. పడలేదు, చెక్క పక్కకి ఒరిగింది. నేను వచ్చేసరికి నాకు వీపు పెట్టి గుడ్డ సర్దుతోంది. చాలాసేపు సర్దింది. చేప విరిగిందే, నాది, అంది చివరికి.

నేను చెక్క వదలకపోతే అది జారేది కాదు. ఇంటికొచ్చాక వెన్న కరిగించి రొట్టెలన్నిటి మీద పూసి, చక్కెర చల్లి, విరిగినదాన్ని విడిగా గుడ్డలో చుట్టింది. అన్నీ మేడమీద చలిగదిలో పెట్టింది. రొట్టెముక్కే కదా అక్కా అన్నాను. అవునే, రొట్టెముక్కే, అంది.

నవంబర్ 20

అక్క తన మంచి కోటు పక్కింటి ఫ్రావ్ నాయ్‌బర్ట్‌కి ఇచ్చేసింది. మాసిపోయింది, నాకెందుకు అందట. నిరుడు కొన్న కోటు.

నవంబర్ 25, చనిపోయినవాళ్ల ఆదివారం

శ్మశానంలో అందరూ సమాధుల మీద దేవదారు కొమ్మలు పరుస్తున్నారు. చలికాలానికి దుప్పటి కప్పినట్టు. మేం బావ సమాధి సర్దాం. రాయి మీద బావ పేరు కింద ఖాళీ ఉంది. అక్క ఆ ఖాళీని గ్లవ్స్‌తో తుడిచి, ఇక్కడ నా పేరు సరిపోతుంది కదే, అక్షరాలు చిన్నవి చెక్కించు, డబ్బు తగలెయ్యకు, అంది.

నాకు ఒళ్లు మండింది. నీకేం రోగం అక్కా, గుర్రంలా ఉన్నావు, అని అరిచాను. పక్క సమాధి వాళ్లు చూశారు. చచ్చేది ఎవరో నాకు తెలుసు, దానికి తెలియదు. అది నా ఎదురుగా నిలబడి తన చావుకు ఏర్పాట్లు చేసుకుంటోంది.

తిరిగివచ్చేటప్పుడు బావ ఆఖరి క్రిస్మస్ గురించి చెప్పింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. క్రిస్మస్ ముందురోజు తొమ్మిది వంటల భోజనంలో, అందరి తిండీ అయ్యేదాకా ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేవకూడదు. లేచినవాళ్లు మరుసటి ఏడు ఆ బల్ల దగ్గర ఉండరు. బావకు దగ్గు తెరిపి లేకుండా వచ్చిందట. ఊపిరి అందక లేచి వసారాలోకి వెళ్లాడట. నేను లేవలేదే, అంది అక్క. లేస్తే ఇద్దరం పోతామని భయం. ఆయన అక్కడ దగ్గి దగ్గి చస్తుంటే, పాపిష్టిదాన్ని, పప్పు తింటూ కూర్చున్నా. ఫిబ్రవరిలో పోయాడు.

చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది.

డిసెంబర్ 2

ఊళ్లో ప్రతి కిటికీలో దీపాల కమాను వెలిగించారు. మాదీ వెలిగించాం. ఒక బల్బు పోయింది. వచ్చే ఏడు మార్చుకుందాం అనబోయి ఇద్దరం ఆగిపోయాం. దాని కారణం దానిది, నా కారణం నాది.

డిసెంబర్ 9

అక్క చర్చికి వెళ్లింది. నేను మేడమీద చలిగదికి వెళ్లాను. ఎందుకో తెలియదు. ఆ విరిగిన రొట్టెను ఒకసారి చూడాలనిపించింది.

గుడ్డ విప్పాను. రొట్టె సరిగ్గా నడిమికి విరిగింది. కొసన చేప రేకు గుచ్చి ఉంది. వదులుగా ఊగుతోంది. వేలు తగలగానే ఊడి వచ్చింది. రేకు ఉన్నచోట రొట్టె కాలదు, తెల్లగా అచ్చు మిగులుతుంది. చేప కింద ఉన్న అచ్చు చేపది కాదు. రెక్కలున్నాయి. ముక్కు ఉంది.

నా పేరుతో ఉన్న మంచి రొట్టెను విప్పాను. పిట్ట రేకు పీకాను. కింద చేప తోక.

విరిగింది నాది. నేను సందులో కూర్చున్నప్పుడు అక్క రేకులు మార్చేసింది. చావు నా మీద రాసి ఉంటే దాన్ని తన మీదికి తిప్పుకుంది. నాకు వీపు పెట్టి అంతసేపు సర్దింది గుడ్డను కాదు.

ఉన్నవి ఉన్నట్టు గుచ్చేశాను. గుచ్చుతుంటే చక్కెరంతా చేతికంటుకుంది. అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. నా జబ్బు తెలిసిన రోజు కూడా ఇంత ఏడవలేదు.

డిసెంబర్ 10

కోటు ఇచ్చేసింది. నాకోసం చలికి వణుకుతూ చర్చికి వెళ్తోంది.

డిసెంబర్ 13

చెప్పాలి.

డిసెంబర్ 14

చెప్పను. పండగ కానీ.

డిసెంబర్ 18

లెక్క ఎటు తిప్పినా ఒకచోటికే వస్తోంది. నేను చెప్పకుండా పోతే, రొట్టె తన మాయకు లొంగలేదని అక్క అనుకుంటుంది. తను కాలు జారింది కాబట్టే నేను పోయాననుకుంటుంది. బావ విషయంలో పప్పు తింటూ కూర్చున్నదాన్ని, చెల్లెలి విషయంలో రొట్టె పడేసినదాన్ని అని బతికినన్నాళ్లూ తనను తాను తిట్టుకుంటుంది. అదేమో తొంభై దాకా బతికే రకం. రొట్టె విరగకముందే, సెప్టెంబర్‌లోనే నా సంగతి తేలిపోయిందని నా నోటితోనే చెప్పాలి. నేను పోయాక రిపోర్టులు చూసినా నమ్మదు. కాగితాలు దాన్ని ఎప్పుడూ ఒప్పించలేదు.

కానీ చెప్పిన మరుక్షణం నా మామూలు క్రిస్మస్ పోతుంది. అది నన్ను తిట్టడం మానేస్తుంది. వారం రోజులు ఓపిక పట్టలేనా?

ఈరోజు ఎవరో విదేశీయులు బజార్లో ఆపి అన్నె చర్చికి దారి అడిగారు. అలవాటు చొప్పున చెయ్యి పైకి లేచింది, గొడుగు లేకపోయినా. వాళ్లను తీసుకెళ్లి వెనకనున్న గనివాళ్ల బలిపీఠం చూపించాను. బొమ్మల్లో మనుషులు రాయి కొడుతున్నారు, మోస్తున్నారు, కడుగుతున్నారు. ఒక్కడూ కూర్చుని లేడు. సగంలో గొంతు పోయింది. మంచినీళ్లిచ్చారు పాపం.

డిసెంబర్ 24, పొద్దున

అక్క తెల్లారకముందే లేచి వంట మొదలుపెట్టింది. సాసేజీలు, పుల్లటి క్యాబేజీ, ఉడికిన పిండి ముద్దలు, మసూరపప్పు, బీట్‌రూట్, పుట్టగొడుగులు, బాతు మాంసం, ఉడకబెట్టిన పళ్లు, పాలల్లో నానబెట్టిన రొట్టె. మధ్యలో లేవాల్సిన పని లేకుండా అన్నీ ముందే బల్లమీద పెట్టేస్తుంది. ఉల్లిపాయ సరిగ్గా తరగడం రాదని నన్ను రెండుసార్లు తిట్టింది. దేవుడా, ఇంకా తిట్టనీ.

పెద్ద ట్యాబ్లెట్లు రెండు వేసుకుంటాను. ఒక్కొక్కటీ ఒక్క చెంచా. తొమ్మిది చెంచాలు. అంతే కదా.

డిసెంబర్ 24, సాయంత్రం

దీపాల కమాను వెలుగుతోంది. అక్క ప్రార్థన చదివింది. చర్చి గంటలు మోగగానే తినడం మొదలుపెట్టాం. క్యాబేజీలో ఉప్పు ఎక్కువ. చెప్పాను. నీ నాలుకే చచ్చింది అంది. నవ్వాను.

సాసేజీ ముక్క మింగాను. క్యాబేజీ మింగాను. పిండి ముద్ద మింగాను. పప్పు దగ్గర ఆగిపోయింది. నోట్లో పెట్టుకున్నాను, దిగదు. చెమట పట్టింది. అక్క నన్నే చూస్తోంది. మింగవే, అంది మెల్లగా. బల్ల అంచు పట్టుకున్నాను. గోడమీద తాతయ్య ఫొటో వంక చూశాను. బస్సులు, గొడుగు, ఏవేవో ఆలోచించాను. కడుపు వినలేదు.

లేచాను. కుర్చీ వెనక్కి పడింది. కూర్చో! కూర్చోవే మార్లీస్, నీకు దణ్ణం పెడతా కూర్చో, అని అక్క అరుస్తూనే ఉంది. బాత్రూములోకి పరిగెత్తి మోకాళ్ల మీద పడ్డాను.

మొత్తం బయటికి వచ్చేసింది. కొంచెం నెత్తురు కూడా. కళ్లు బైర్లు కమ్మాయి. కుళాయి తిప్పుదామని చెయ్యి చాపుతుంటే అవతల ఇంకో కుర్చీ జరిగిన చప్పుడు. చెప్పుల చప్పుడు. ఆగింది. మళ్లీ వినబడింది. గుమ్మం దాకా వచ్చింది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ బల్ల దగ్గర్నుంచి లేవని మనిషి. మొగుడు ఊపిరాడక లేచినా లేవని మనిషి. నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చిన్నప్పుడు అమ్మ పట్టుకున్నట్టు నా నుదురు పట్టుకుంది. దాని చేతికి పప్పు అంటుకుని ఉంది.

నువ్వెందుకు లేచావక్కా, అన్నాను.

కక్కు ముందు, అంది.

డిసెంబర్ 25

చెప్పాను. క్లోమం, స్కాన్, వద్దన్న కీమో, అన్నీ. ఎన్నాళ్లు అని అడగలేదు. ఎప్పుడు తెలిసింది అని అడిగింది. సెప్టెంబర్‌లో అన్నాను. మనం రొట్టె కాల్పించింది నవంబర్లో కదే, అంది. అవును. అయితే నేను జారడం వల్ల కాదు, అంది. కాదక్కా. విరిగింది నీదని నీకు తెలుసా, అంది. తెలుసు, చూశాను, రేకు కింద పిట్ట ఉంది, అన్నాను. రేకు మారిస్తే చాలు, చావును ఏమార్చెయ్యొచ్చనుకున్నా, అంది. అప్పుడు ఏడ్చింది. నేను అనుకున్నట్టు మెత్తగా కాదు. కోపంగా, ముక్కు చీదుకుంటూ. రోజంతా బస్సుల నిండా జనానికి కథలు చెప్పి బతికినదానివి, సొంత అక్కకు ఒక్క ముక్క చెప్పలేకపోయావు, అని భుజం మీద గట్టిగా కొట్టింది. నొప్పి పుట్టింది. ఇంకా పుడుతోంది.

తర్వాత మేడమీదికి వెళ్లి విరిగిన రొట్టెను తెచ్చింది. ముందు దీన్ని తినాలి, మంచిది ఎక్కడికి పోతుంది, అంది. ఒక ముక్క కోసి నాకిచ్చింది. చక్కెర నాకాను. ఎండుద్రాక్ష ఒకటి చప్పరించాను. రమ్ము వాసన బాగుంది. మిగతాది అది తినేసింది. రేకులు రెండూ కడిగి కిటికీలో, దీపాల కమాను పక్కన ఆరబెట్టింది.

తిట్టడం మానేస్తుందనుకున్నాను. మానలేదు.

జనవరి 17

మంచం కిందికి దించారు, పొయ్యి ఉన్న గదిలోకి. కొత్త కోటు కొనుక్కోమని అక్కతో దెబ్బలాడాను. చివరికి ఫ్రావ్ నాయ్‌బర్టే పాతది తెచ్చిచ్చి, నాకు చంకల దగ్గర బిగుతుగా ఉంది, తీసుకో అమ్మా తల్లీ, అంది. అక్క తీసుకుంది, థాంక్స్ కూడా చెప్పకుండా.

ఫిబ్రవరి 2

ఈరోజుతో అందరూ కిటికీల్లో దీపాలు తీసేశారు. అక్క తీయలేదు. వీధిలో మాదొక్కటే వెలుగుతోంది.

నేను బాత్రూముకి లేస్తే అదీ లేస్తుంది. నీళ్లకి లేస్తే అదీ లేస్తుంది. ఏం అక్కా అంటే, కాళ్లు పట్టేశాయే, అంటుంది.

పొద్దున ఊరికే లేచి చూశాను. లేచింది.